ఫోనులో ప్రచారం - పాలకేంద్రంలో పునాది

(సభ్య సంఘాల కొరకు పాఠం. కార్యదర్శులు దీనిని సంఘ సమావేశంలో చదివి వినిపించి, చివరనున్న ప్రశ్నలపై చర్చ జరిపించవలసినదిగా కోరుతున్నాము.)



తిరుమలాయపాలెం మండలంలో గాని, దాని చుట్టుపక్కల గాని పాలసంఘ సమావేశం జరిగితే ఈ రోజుల్లో తప్పక వచ్చే ప్రశ్న ఒకటున్నది. "ఖమ్మంలో ప్రతి ఇంటా సెల్‌ఫోను ఉన్నది. బియ్యం, కూరగాయలు, మందులు సైతం ఫోను ద్వారానే తెప్పించుకుంటున్నారు. మన పాలు మనమే ఫోను ద్వారా ఎందుకు అమ్ముకోరాదు?" ప్రశ్న న్యాయమైనదే. ఖమ్మం నగరం మనకు దూరం కాదు. తెల్లవారుజామున పితికిన పాలను పొద్దెక్కక ముందే పట్టణపు గడపలకు చేర్చవచ్చు. స్థానికంగా కొంత పాలు అమ్ముకోవడం సహకార పద్ధతికి కొత్తదీ కాదు. ఆనంద్ పద్ధతిలో నడిచే సంఘాలు మొదటి నుండీ ఊళ్లో కొంత పాలు అమ్ముతూనే ఉన్నాయి.

ఇంటర్నెట్ ద్వారా, సెల్‌ఫోను ద్వారా కొనుగోలుదారుని వెతుక్కోవడం, అతనికి మన సరుకు సంగతి తెలియజేయడం, ఆర్డరు తీసుకోవడం, డబ్బు రాబట్టుకోవడం, అతను మళ్లీ మన వద్దకే వచ్చేట్లు చూచుకోవడం - ఇవన్నీ కలిపి డిజిటల్ మార్కెటింగ్ అంటున్నారు. పేరు కొత్తది గాని పని పాతదే. వాడిక్కలవాడు గడప తట్టి, చెంబు నింపి, నెలాఖరుకు లెక్క చూచుకునే పనినే ఇప్పుడు ఫోను చేసి పెడుతున్నది.

అయితే ఒక సంగతి మొదటనే గ్రహించాలి. ఫోను సభలోని మైకు వంటిది. మంచి మాటను పది వీధులకు వినిపిస్తుంది. చెడు మాటను కూడా అంతే గట్టిగా వినిపిస్తుంది. పాలకేంద్రంలో ఉన్న మంచినిగాని చెడ్డనుగాని అది పెంచుతుందే తప్ప లేని మంచిని పుట్టించదు. కావున ప్రచారానికి ముందు పునాది చూచుకోవాలి. ఆ పునాదికి నాలుగు రాళ్లు: పాలు, మాట, పేరు, లెక్క. ఈ నాలుగూ కుదిరిన తరువాత మాత్రమే ఫోను పట్టుకోవాలి.

పేరు ముందా, పాలు ముందా?

సహకార పాడిలో దేశమంతటా తెలిసిన పేరు అమూల్. చుక్కల గౌను తొడుక్కున్న పాప బొమ్మను చూడని వారుండరు. ఆ బొమ్మ వల్లనే అమూల్ ఇంతటిదయిందని కొందరు అనుకుంటారు. సంవత్సరాలు వరుసగా పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

గుజరాత్‌లోని కైరా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార యూనియన్ త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వాన 1946 డిసెంబరులో ఏర్పడింది. వర్గీస్ కురియన్ ఆనంద్ చేరినది 1949 లో. గేదె పాల నుండి పాలపొడి తయారు చేసే విధానాన్ని హెచ్.ఎం. దలాయా సాధించారు. 1955 లో అక్కడ పెద్ద కర్మాగారం ప్రారంభమైంది. అమూల్ అన్న పేరును రిజిస్టరు చేసినది 1957 లో. పాప బొమ్మ వచ్చినది 1966 లో. అనగా సంఘం పుట్టిన పదకొండేళ్లకు పేరు, ఇరవై ఏళ్లకు బొమ్మ. ఆ ఇరవై ఏళ్లూ వారు పాలు కొలవడం, వెన్న శాతం చూచి ధర కట్టడం, వేళకు డబ్బు చెల్లించడం, మిగులు పాలకు దారి చూపడం నేర్చుకున్నారు. బొమ్మ ఆ పని మీద నిలబడింది.

మన ప్రాంతంలోనూ ఒక ఉదాహరణ ఉన్నది. హనుమకొండ జిల్లా ముల్కనూరులో మహిళలే సభ్యులుగా, మహిళలే పాలకవర్గంగా ఉన్న సహకార డెయిరీ 2002 లో మొదలయింది. దాని పాలు "స్వకృషి" పేరుతో అమ్ముడవుతాయి. ఆ డెయిరీ శూన్యంలో పుట్టలేదు. అదే ముల్కనూరులో 1956 నుండి సహకార గ్రామీణ బ్యాంకు నడుస్తున్నది. లెక్క రాయడం, మహాజన సభలో లెక్క అడగడం ఆ ప్రాంతంలో దశాబ్దాల అలవాటు. పేరు పెట్టే నాటికే పునాది ఎండి గట్టిపడి ఉన్నది.

ఈ రెండు చోట్లా వరుస ఒక్కటే. ముందు పాలు, తరువాత పేరు, ఆ తరువాత ప్రచారం. వరుస తప్పితే "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నట్లవుతుంది.

మొదటి రాయి: పాలు

పట్టణంలోని ఇల్లాలు పాలను మూడు విధాల పరీక్ష చేస్తుంది. పొయ్యి మీద పెడితే విరిగిందా? కాచిన తరువాత మీగడ నిన్నటిలాగానే కట్టిందా? తోడు పెడితే పెరుగు గడ్డగా వచ్చిందా? ఆమె వద్ద లాక్టోమీటరు లేదు. కాని ఆమె తీర్పు మన యంత్రం తీర్పుకంటె కఠినమైనది. ఒకసారి విరిగితే వీధి వాట్సాప్ గ్రూపులో అరగంటలో తెలిసిపోతుంది.

అందుచేత అడగవలసినది "మన పాలు మంచివా?" అని కాదు. "మన పాలు ప్రతిరోజూ ఒకే విధంగా ఉంటున్నాయా?" అని. దీనికి జవాబు కార్యదర్శి గారి సేకరణ పుస్తకంలోనే ఉన్నది. గడచిన మూడు నెలల పుటలు తిప్పి, ఇంటింటి సరఫరాకు పంపదలచిన పాలలో వెన్న శాతం, ఘన పదార్థాల శాతం (ఎస్.ఎన్.ఎఫ్.) ఏ రోజు ఎంత ఉన్నదో చూడండి. ఒకరోజు ఏడు, మరొకరోజు అయిదున్నర వస్తుంటే ఆ పాలు పేరు పెట్టి అమ్మడానికి ఇంకా సిద్ధం కాలేదన్నమాట. పాకెట్టు పాలలో ఈ తేడా ఉండదు. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, ఎస్.ఎన్.ఎఫ్. 8.5 శాతం, ఫుల్ క్రీమ్ పాలలో వెన్న 6 శాతం, ఎస్.ఎన్.ఎఫ్. 9 శాతం తగ్గకూడదని నిబంధన ఉన్నది. పట్టణం వారు ఆ నిలకడకు అలవాటు పడి ఉన్నారు.

రెండవది చల్లదనం. పితికిన పాలలో సూక్ష్మక్రిములు వేడిలో త్వరత్వరగా పెరుగుతాయి. వీలయినంత త్వరగా 4 డిగ్రీల సెంటిగ్రేడుకు చల్లబరిస్తే ఆ పెరుగుదల బాగా తగ్గుతుంది. మిరప కోతల రోజుల్లో ఇంటిల్లిపాదీ చేనుకు పోయి, పాలు పోసే వేళ గంట ఆలస్యమయితే, ఆ గంట ఖమ్మంలో పొయ్యి మీద బయటపడుతుంది. వేళ తప్పి వచ్చిన పాలను ఇంటింటి సరఫరా క్యానులో కలుపకూడదు. ఈ నియమాన్ని పాలకవర్గం తీర్మానం చేయాలి. అధ్యక్షుల వారి ఇంటి పాలయినా సరే, నియమం ఒక్కటే.

కాచని పాలు అమ్ముతున్నట్లయితే ఆ మాట దాచకూడదు. "ఇవి కాచని పాలు. బాగా మరిగించి వాడండి" అని సీసా మీద, ఫోను సందేశంలో రెండు చోట్లా రాయాలి.

రెండవ రాయి: మాట

మన గేదెలు ఎక్కువగా వానాకాలం చివర, చలికాలం మొదట ఈనుతాయి. చలికాలంలో పాలు పొంగుతాయి. ఎండలు ముదిరే సరికి పచ్చిమేత తగ్గుతుంది, చూడి గేదెలు వట్టిపోతాయి, పాలు పడిపోతాయి. ఇది ప్రతి సభ్యునికీ తెలిసిన విషయమే. కాని ప్రచారం మొదలు పెట్టేటప్పుడు ఎక్కువ మంది మరచిపోయే విషయం కూడా ఇదే.

ఒక సంఘం అనుకుందాము. డిసెంబరులో పట్టణానికి పంపడానికి 120 లీటర్లు వీలవుతాయి. ఆ ఉత్సాహంలో ఫోనులో ప్రకటన ఇచ్చి 120 ఇళ్లు ఒప్పుకున్నారు. మే నెల వచ్చే సరికి 70 లీటర్లే మిగిలాయి. ఇప్పుడు 50 ఇళ్లకు ఏమి చెప్పాలి? వద్దనాలి, లేదా నీళ్లు కలపాలి, లేదా బయటి పాలు కొని మన పేరుతో పోయాలి. మొదటిది అప్రతిష్ఠ. రెండవది నేరం. మూడవది మోసం.

కావున సూత్రం ఇది: మాట ఎండాకాలపు పాలను చూచి ఇవ్వాలి, చలికాలపు పాలను చూచి కాదు. ఈ సంఘం మే నెల 70 లీటర్లలో 10 లీటర్లు అత్యవసరానికి పక్కనుంచి, 60 ఇళ్లు మాత్రమే ఒప్పుకోవాలి. అరవై ఒకటవ ఇల్లు అడిగితే పేరు రాసుకుని, "ఖాళీ రాగానే కబురు చేస్తాము" అని చెప్పాలి. లేదని నిజం చెప్పిన వారి మీద పట్టణం వారికి గౌరవం పెరుగుతుందే గాని తరగదు.

మరి చలికాలపు మిగులు ఎక్కడికి పోవాలి? సమాఖ్యకు. ఇక్కడ మరొక ధర్మం ఉన్నది. సమాఖ్యకు పాలు అవసరమయ్యేది ఎండాకాలంలో. మిగులు వచ్చిపడేది చలికాలంలో. ఎండాకాలంలో ముఖం చాటు చేసి, చలికాలంలో క్యాన్లు మోసుకు వచ్చే సంఘాలు పెరిగితే సమాఖ్య నిలువదు. సమాఖ్య నిలువకపోతే చలికాలపు పాలకు ప్రైవేటు వర్తకుడు చెప్పినదే ధర. కనుక ఇంటింటి అమ్మకానికి ఎంత, సమాఖ్యకు ఎంత అన్నది పన్నెండు నెలలకూ ముందుగానే లెక్కవేసి, సమాఖ్య అధికారులతో మాట్లాడుకుని, మహాజన సభలో ఆమోదించుకోవాలి.

విడిగా సభ్యుడే తన పాలను ఫోనులో అమ్ముకోవడం గురించి కూడా ఒక మాట. రిజిస్టరయిన పాలసంఘంలో సభ్యుడై, పాలన్నీ సంఘానికే పోసే ఉత్పత్తిదారునికి ఆహార భద్రతా చట్టం కింద విడిగా రిజిస్ట్రేషను అవసరం లేదని నిబంధనలలో మినహాయింపు ఉన్నది. పాలు బయట అమ్ముకోవడం మొదలు పెడితే ఆ మినహాయింపు వర్తించదు. సంఘం నేరుగా పట్టణంలో అమ్మదలచినా తగిన లైసెన్సు లేక రిజిస్ట్రేషను ఉండాలి. దాని 14 అంకెల సంఖ్యను తగిన చోట చూపాలి. ఈ పని ప్రకటనకు ముందు జరగాలి, తనిఖీ వచ్చిన తరువాత కాదు.

మూడవ రాయి: పేరు

ఒక పేరు పలువురి వద్ద ఉంటే ఏమవుతుందో మన రాష్ట్రంలోనే చూడవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ 1974 లో, సహకార సమాఖ్య 1981 లో ఏర్పడినాయి. "విజయ" పేరు ఆ రోజుల నుండి ఇంటింటా నాటుకున్నది. కాలక్రమేణా కొన్ని జిల్లా యూనియన్లు స్వతంత్రంగా నడవసాగాయి. 2014 లో రాష్ట్ర విభజన జరిగింది. ఈనాడు కృష్ణా మిల్క్ యూనియన్ పాలు కూడా విజయ పేరుతోనే వస్తాయి, తెలంగాణ సమాఖ్య పాలూ విజయ పేరుతోనే వస్తాయి. అందుకే తెలంగాణ సమాఖ్య తన పాకెట్ల మీద "విజయ తెలంగాణ" అని స్పష్టంగా వేసుకుంటున్నది. దుకాణంలో పాకెట్టు చూచి పోల్చుకోవచ్చు. ఫోనులో పేరు కొట్టి వెతికే వానికి అన్నీ ఒకే చోట కనబడతాయి. పేరు పక్కన ఉన్న రెండవ మాటే అక్కడ దారి చూపుతుంది.

దీని నుండి సంఘాలు నేర్చుకోవలసినవి మూడు.

ఒకటి: సంఘం పేరులో ఊరి పేరు ఉండాలి. పిండిప్రోలు, సుబ్లేడు, బచ్చోడు - ఏ ఊరయితే ఆ ఊరు. "స్వచ్ఛమైన పాలు" అన్న పేరు ఎవరైనా పెట్టుకోగలరు. మీ ఊరి పేరును మాత్రం మీ కంటె ఎక్కువ హక్కుతో ఎవరూ పెట్టుకోలేరు.

రెండు: సమాఖ్య పేరుగాని గుర్తుగాని రాతమూలకమైన అనుమతి లేనిదే వాడరాదు. మీ కాచని పాలలో తేడా వస్తే దెబ్బ తగిలేది రాష్ట్రంలోని సంఘాలన్నింటికీ.

మూడు: ఫోను నంబరు సంఘానిది కావాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది, కాని కొంప ముంచేది ఇదే. కార్యదర్శి గారు తన సొంత నంబరు మీద గ్రూపు పెడతారు. కొనుగోలుదారులందరూ ఆ నంబరుకే ఫోను చేస్తారు, ఆ నంబరుకే డబ్బు పంపుతారు. రేపు ఆయన పదవి మానినా, మరొక డెయిరీలో చేరినా, ఇళ్లన్నీ ఆయన జేబులో వెళ్లిపోతాయి. సంఘం చేతిలో మిగిలేది ఖాళీ క్యాన్లు. కనుక సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, డబ్బు చెల్లించే క్యూఆర్ అట్ట, ఫేస్‌బుక్ పేజీ, గూగుల్ మ్యాపులోని చిరునామా - అన్నీ సంఘం పేరున ఉండాలి. రహస్య పదాలు కవరులో పెట్టి, సీలు వేసి, బీరువాలో ఉంచి, మినిట్సు పుస్తకంలో రాయాలి. పదవి మారిన రోజున వాటిని మార్చాలి.

"ఇంటి పేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల వాసన" అన్న సామెత మరువరాదు. పేరు ఎంత గొప్పగా పెడితే అంత గొప్పగా నిలబెట్టుకోవలసి ఉంటుంది. "సహజం", "స్వచ్ఛం", "తాజా" వంటి మాటలను తప్పుదారి పట్టించేట్లు వాడరాదని 2018 నాటి ఆహార ప్రకటనల నిబంధనలు చెబుతున్నాయి. "ఏ2 పాలు" అన్న మాట సంగతి చూడండి. పాకెట్ల మీద దానిని తీసివేయాలని కేంద్ర ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2024 ఆగస్టు 21 న చెప్పి, 26 న ఆ ఉత్తర్వును ఉపసంహరించుకున్నది. అటువంటి వివాదపు మాటల మీద మన పేరును నిలబెట్టనవసరం లేదు. "పొద్దున ఇన్ని గంటలకు పితికినవి, వెన్న ఇంత, ఇన్ని గంటలకు మీ ఇంటికి" - ఇంతకంటె బలమైన ప్రకటన లేదు. ఎందుకంటే దీనికి మన పుస్తకమే సాక్ష్యం.

నాల్గవ రాయి: లెక్క

ఫోనులో ప్రకటన చవక అంటారు. చవకా, ఖరీదా అన్నది లెక్క వేస్తేగాని తేలదు. దిగువ అంకెలు లెక్క తేలికగా ఉండడం కోసం వేసినవి. మీ సంఘం అంకెలు వేసుకుని చూచుకోండి.

సమాఖ్యకు పోస్తే లీటరుకు 50 రూపాయలు వచ్చే పాలను పట్టణంలో 70 కి అమ్ముతున్నామనుకుందాము. తేడా 20 రూపాయలు. రోజుకు 40 ఇళ్లకు లీటరు చొప్పున పోస్తే వచ్చేది 800 రూపాయలు. పోసే మనిషి కూలి, పెట్రోలు కలిపి 400. సీసాలు కడగడానికి, అరుగుదలకు లీటరుకు 2 చొప్పున 80. చల్లబరచడానికి, పరీక్షకు మరొక 80. తాళం వేసి ఉన్న ఇళ్లు, ఒలికినవి కలిపి మూడు లీటర్ల నష్టం 150. మొత్తం ఖర్చు 710. మిగిలేది రోజుకు 90, నెలకు 2,700. ఈ స్థితిలో నెలకు 3,000 పెట్టి ఫోనులో ప్రకటన వేయిస్తే సంఘానికి 300 నష్టం. "ఆవు పాతిక, బందె ముప్పాతిక" అంటే ఇదే.

ఆ 40 ఇళ్లూ నగరం నాలుగు మూలలా ఉన్నాయనుకోండి. కూలి, పెట్రోలు 400 నుండి 600 కు పెరుగుతాయి. ప్రకటన లేకుండానే రోజుకు 110 నష్టం.

ఇప్పుడు అవే వీధులలో 60 ఇళ్లు ఉన్నాయనుకుందాము. రాబడి 1,200. మనిషి, పెట్రోలు అవే 400. సీసాలకు 120, చల్లదనానికి 120, నష్టం 150. ఖర్చు 790. మిగిలేది రోజుకు 410, నెలకు 12,300.

ఇందులో ఉన్న నీతి ఒక్కటే. ఖమ్మం అంతటికీ తెలియడం మనకు అక్కర లేదు. ఒక కాలనీ నిండడం కావాలి. కనుక నగరమంతా కనిపించే ప్రకటనకు డబ్బు పెట్టవద్దు. ఒక కాలనీ ఎంచుకోండి. ఆ కాలనీ నిండిన తరువాత పక్క కాలనీకి వెళ్లండి. చేనుకు నీరు పెట్టేటప్పుడు ఒక మడి నిండిన తరువాతనే రెండవ మడికి గండి కొడతాము గదా!

అన్ని చోట్లా ఒకే మాట

నాలుగు రాళ్లూ కుదిరిన తరువాత సంఘం ఒక కాగితం తయారు చేయాలి. దీనిని "మాట పత్రం" అందాము. ఒకే పుట. అందులో ఎనిమిది విషయాలు ఉండాలి:

1. సంఘం పూర్తి పేరు, ఊరు.
2. సంఘం ఫోను నంబరు, ఫోను ఎత్తే వేళలు.
3. ఏ పాలు - గేదెవా, ఆవువా, కాచినవా, కాచనివా.
4. వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. ఇంతకు తగ్గవన్న హామీ.
5. ధర, అది ఏ తేదీ నుండి.
6. ఇల్లు చేరే వేళ.
7. పాలు చెడితే ఏమి చేస్తాము.
8. లైసెన్సు లేక రిజిస్ట్రేషను సంఖ్య.

పాలకేంద్రం బోర్డు మీద, సీసా మీద, రసీదు మీద, వాట్సాప్‌లో, గూగుల్ మ్యాపులో, పాలు పోసే అబ్బాయి నోట - ఆరు చోట్లా ఈ కాగితంలోని మాటలే ఉండాలి. బోర్డు మీద 70, ఫోనులో 68, అబ్బాయి నోట 72 అయితే కొనేవానికి అనుమానం ధర మీద రాదు, పాల మీద వస్తుంది. ధర మారిన రోజున ఆరు చోట్లా అదే రోజున మారాలి. దీనికి బాధ్యుడు ఎవరో తీర్మానంలో పేరు రాయాలి. అందరి పని అన్నది ఎవరి పనీ కాదు.

ఏ సాధనం ఏ పనికి?

ఉన్న సాధనాలన్నీ ఒకేసారి పట్టుకోనవసరం లేదు. ఈ వరుసలో పోతే చాలు.

మొదట వాట్సాప్ బిజినెస్. ఇది 2018 లో వచ్చింది, ఉచితం. సరుకుల పట్టిక, ధర, వేళలు అందులో పెట్టవచ్చు. ఒకే సందేశాన్ని పలువురికి పంపే జాబితా సౌకర్యం ఉన్నది. కాని మన నంబరును తమ ఫోనులో దాచుకున్న వారికే ఆ సందేశం చేరుతుంది. కనుక మొదటి రోజున సీసాతో పాటు చీటీ ఇచ్చి, "ఈ నంబరు మీ ఫోనులో రాసుకోండి" అని అడగాలి. అడగడానికి మొగమాటం వద్దు. చల్లకు వచ్చి ముంత దాచనేల?

రెండవది గూగుల్ మ్యాపులో సంఘం చిరునామా. ఇదీ ఉచితమే. "దగ్గరలో గేదె పాలు" అని వెతికే వానికి కనబడడానికి ఇది ఉపయోగం.

మూడవది ఫేస్‌బుక్ వంటివి. వారానికి ఒక ఫోటో చాలు. పాలు పరీక్షించే యంత్రం, కడిగిన క్యాన్లు, పశువులకు టీకాలు వేసే రోజు - ఉన్నది ఉన్నట్లుగా చూపాలి. మనుషుల ఫోటోలు వారి అనుమతితోనే వేయాలి.

డబ్బు పెట్టి వేయించే ప్రకటన అన్నింటికన్న చివరిది. పైన చెప్పిన లెక్క మిగులు చూపినప్పుడే దాని జోలికి పోవాలి.

ఇన్ని సాధనాలకంటె గొప్ప సాధనం మరొకటున్నది. అది సభ్యుడే. 1976 లో శ్యాం బెనెగల్ తీసిన "మంథన్" చిత్రానికి గుజరాత్‌లోని 5 లక్షల మంది పాల ఉత్పత్తిదారులు తలా 2 రూపాయలు వేసుకుని పెట్టుబడి పెట్టారు. తమ డబ్బుతో తీసిన చిత్రమని వారే ఊళ్ల నుండి బండ్లెక్కి వచ్చి చూచారు. ఆ చిత్రానికి ప్రచారకర్తలు వారే అయినారు. మన ఊరి ఆడపడుచులు, చదువుకునే పిల్లలు, ఉద్యోగులు ఖమ్మంలో ఎందరు లేరు? మొదటి ఇరవై ఇళ్లు వారి ద్వారానే దొరకాలి.

ఫిర్యాదు, వదంతి

ఫిర్యాదు రావడం నష్టం కాదు. జవాబు ఆలస్యం కావడం నష్టం. పాలు విరిగాయని సందేశం వస్తే వాదన పెట్టుకోరాదు. "ఈ రోజు డబ్బు తీసుకోము. కారణం సాయంత్రంలోగా చెబుతాము" అని వెంటనే రాయాలి. ఆ రోజు పుస్తకం చూచి, కారణం కనుగొని, చెప్పిన వేళకు చెప్పాలి. ఫిర్యాదుల పుస్తకం ఒకటి పెట్టి, ప్రతి పాలకవర్గ సమావేశంలో మొదటి అంశంగా చదవాలి.

వదంతి వేరు. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి వివాదం నడుస్తుండగా, ఆ నెయ్యి అమూల్ సరఫరా చేసిందని సామాజిక మాధ్యమాలలో ప్రచారం జరిగింది. తిరుమల దేవస్థానానికి తాము ఎన్నడూ నెయ్యి సరఫరా చేయలేదని అమూల్ వెంటనే బహిరంగ ప్రకటన చేసింది, అహ్మదాబాదు పోలీసులకు ఫిర్యాదూ ఇచ్చింది. ఇక్కడ గమనించవలసినది వేగం ఒక్కటే కాదు. ఎవరికి ఏమి సరఫరా చేసినదీ రికార్డు ఉన్న సంస్థే "ఎన్నడూ లేదు" అని ధైర్యంగా చెప్పగలదు. మన సంఘానికి కూడా వదంతి వచ్చిన రోజున రక్షణ మన సేకరణ పుస్తకమే.

డబ్బు విషయంలో జాగ్రత్త

2016 లో యూపీఐ వచ్చిన తరువాత ఫోను ద్వారా డబ్బు తీసుకోవడం తేలికయింది. మోసం చేయడం కూడా తేలికయింది. డబ్బు పంపడానికే పిన్ను కావాలి, తీసుకోవడానికి అక్కర లేదు. "మీకు డబ్బు పంపుతున్నాము, పిన్ను కొట్టండి" అని ఎవరైనా అంటే అది మోసమే. క్యూఆర్ అట్ట మీద మరొకరి అట్ట అతికించి ఉన్నదేమో ప్రతి ఉదయం చూడాలి. మోసం జరిగితే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి. సంఘం ఖాతాకు వచ్చిన డబ్బును ఏ రోజుకారోజు రోకడ పుస్తకంతో సరిచూడాలి.

కొనేవారి పేర్లు, నంబర్లు, ఇంటి చిరునామాలు వారు నమ్మి ఇచ్చినవి. వాటిని దాణా కంపెనీకో మరొక వ్యాపారికో ఇవ్వడం నమ్మకద్రోహం. వ్యక్తిగత సమాచారం కాపాడడానికి 2023 లో పార్లమెంటు చట్టం కూడా చేసింది. సందేశాలు వద్దన్న వారికి ఆ రోజు నుండే పంపడం మానాలి.

గుర్తుంచుకోవలసినవి

- పుస్తకంలో లేని మంచిని ఫోనులో చెప్పరాదు.
- మాట ఎండాకాలపు పాలను చూచి ఇవ్వాలి.
- పేరు, నంబరు, ఖాతా సంఘానివి కావాలి, వ్యక్తులవి కాదు.
- నగరం కాదు, ఒక కాలనీ నింపాలి.
- ఆరు చోట్లా ఒకే మాట, ఒకే ధర.
- చలికాలపు మిగులును ఆదుకునేది సమాఖ్య. ఎండాకాలంలో దానిని మరువరాదు.

చర్చకు ప్రశ్నలు

1. గడచిన మే నెలలో మన సంఘం సేకరణ రోజుకు ఎంత? డిసెంబరులో ఎంత? తేడా ఎంత?
2. గడచిన మూడు నెలల్లో వేళ తప్పి వచ్చిన పాలు ఎన్నిసార్లు క్యానులో కలిశాయి? ఆపడానికి ఏమి చేయాలి?
3. సంఘం పనికి వాడుతున్న ఫోను నంబరు ఎవరి పేరున ఉన్నది?
4. లీటరుకు 20 రూపాయల తేడా మన లెక్కలో నిజంగా ఎంత మిగులుతుంది? ఆ మిగులు బోనసుగా పంచాలా, చల్లబరచే యంత్రానికి దాచాలా?
5. మాట పత్రంలోని ఎనిమిది విషయాలలో ఈనాడే రాయగలిగినవి ఎన్ని? రాయలేనివి ఏవి? ఎందుకు?

అయిదవ ప్రశ్నకు ఎనిమిదీ రాయగలిగిన సంఘం ప్రచారం మొదలు పెట్టవచ్చు. రాయలేని సంఘం నిరుత్సాహపడనవసరం లేదు. రాయలేకపోయిన అంశమే వచ్చే ఆరు నెలలకు ఆ సంఘం కార్యక్రమం. ఆ తీర్మానం నకలును సమాఖ్య కార్యాలయానికి పంపితే, పాల పరీక్ష, చల్లబరచడం, లైసెన్సు విషయాలలో ఎవరిని అడగాలో తెలుసుకుని ముందుకు సాగవచ్చు.